ఫ్రాస్ట్ పడేలోగా పెరట్లో ఏం కోయాలి, ఏం లోపలికి తేవాలి, ఏం వదిలేయాలి

సెప్టెంబరు నెలాఖరుకి అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో మనవాళ్ల పెరళ్లు మంచి కాపు మీద ఉంటాయి. మే నెలలో పెట్టిన సొరపాదు పందిరి దాటి, ఫెన్స్ ఎక్కి, పక్కింట్లోకి తొంగిచూస్తుంటుంది. గోంగూర నడుం ఎత్తుకొస్తుంది. చిక్కుడు అప్పుడే పూత మొదలెడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక రాత్రి ఫ్రాస్ట్, అంటే ఆకుల మీద గడ్డకట్టే మంచు, పడిందంటే, తెల్లారేసరికి ఆకులన్నీ ఉడకబెట్టిన తోటకూరలా వేలాడిపోతాయి.

దీనికి మందు దుప్పట్లు కప్పడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి దుప్పటి ఆఖరి పని. ఏ మొక్కని కాపాడుకోవాలి, దేన్ని కోసుకుని వదిలేయాలి అన్నది అంతకన్నా ముందు తేల్చుకోవాలి. అన్నిటినీ కాపాడదామని కూర్చుంటే మిగిలేది నడుం నొప్పే.

తేదీ కన్నా రాత్రి డిగ్రీలు ముఖ్యం

మీ ఊళ్లో తొలి ఫ్రాస్ట్ సగటున ఎప్పుడు పడుతుందో ముందు తెలుసుకోండి. మిన్నియాపోలిస్ వైపు అక్టోబరు మొదట్లోనే పడొచ్చు. న్యూజెర్సీ, చికాగో శివార్లలో అక్టోబరు మధ్య నుంచి నెలాఖరు లోపు. డాలస్ వాళ్లకి నవంబరు మధ్య దాటేదాకా భయం లేదు. ఇవన్నీ సగటు లెక్కలు, ఏడాదికీ ఏడాదికీ రెండు వారాలు అటూ ఇటూ అవుతాయి. అందుకని సెప్టెంబరు పదిహేను దాటాక రోజూ సాయంత్రం ఫోన్లో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే. నీళ్లు గడ్డకట్టే 32 అంటే మన సున్నా సెల్సియస్.

ఒక మెలిక ఉంది. యాప్‌లో 36 అని ఉన్నా మీ గడ్డి మీద ఫ్రాస్ట్ పేరుకోవచ్చు. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటరు నేలకి అయిదారు అడుగుల ఎత్తులో ఉంటుంది. మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉన్న రాత్రి నేలలోని వేడి నేరుగా ఆకాశానికి పోతుంది, నేలకి దగ్గరగా గాలి ఇంకా చల్లబడుతుంది. అందుకే నేషనల్ వెదర్ సర్వీస్ (అమెరికా వాతావరణ శాఖ) వాళ్లు 33 నుంచి 36 మధ్యే ఫ్రాస్ట్ అడ్వైజరీ ఇస్తారు, 32 అంతకన్నా దిగుతుందంటే ఫ్రీజ్ వార్నింగ్ ఇస్తారు. నక్షత్రాలు బాగా కనిపిస్తూ ఆకు కదలని రాత్రయితే యాప్ చెప్పినదానికన్నా నాలుగు డిగ్రీలు తక్కువే అనుకోండి. ఇంకో సంగతి, చల్లగాలి పల్లానికి జారుతుంది. పెరట్లో పల్లంగా ఉన్న మూల ముందు దెబ్బతింటుంది, ఇంటి గోడకి ఆనుకుని దక్షిణం వైపున్న మొక్క ఇంకో వారం పది రోజులు నిలుస్తుంది.

నెల రోజుల ముందు: తలలు తుంచండి, విత్తనానికి వదలండి

ఫ్రాస్ట్‌కి ఇంకా నాలుగైదు వారాలు ఉందనగా టమాటా కొమ్మల చివుళ్లు తుంచేయండి. కొత్త పూత కూడా తీసేయండి. ఈ రోజుల్లో పూసిన పువ్వు పండయ్యే అవకాశం లేదు, మొక్క బలమంతా ఉన్న కాయలకి పోనివ్వాలి. మనసు ఒప్పదు, ఒప్పించుకోండి. వంగకీ ఇదే పద్ధతి. సొర, బీర తీగల కొసలు కూడా కత్తిరిస్తే ఉన్న పిందెలు తొందరగా ఊరతాయి.

విత్తనం సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. అసలు చెప్పాలంటే ఆగస్టులోనే. సొరపాదుకి తొలి కాపులో ఒక మంచి కాయని గుడ్డ కట్టి గుర్తుపెట్టి వదిలేస్తేనే ఫ్రాస్ట్ నాటికి ముదురుతుంది. గోరు గుచ్చితే దిగనంత గట్టిపడిందంటే లోపల గింజ తయారైనట్టే. అలాంటి కాయని నాలుగంగుళాల తొడిమతో కోసి, గరాజ్‌లో గాలాడే చోట పెట్టండి. నెలల తరబడి ఎండుతుంది, పైన బూజు పడితే కంగారు పడక్కర్లేదు, ఊపితే గింజలు గలగలమన్నప్పుడు పగలగొట్టుకోవచ్చు. గోరు దిగే కాయైతే దాచకండి, కుళ్లిపోతుంది. పులుసు పెట్టేసుకోండి.

బీరకాయ తీగ మీదే ఎండి గోధుమరంగు తిరగాలి. బెండ కూడా అంతే, ముదిరి కూరకి పనికిరాని కాయలు ఎలాగూ నాలుగు ఉంటాయి కదా, వాటిని చెట్టునే ఉంచండి. కాకర పండి నారింజరంగులో పగిలేలోపే అందుకోండి, లేకపోతే పక్షులు అందుకుంటాయి. వంకాయ పసుపుపచ్చగా మారితేనే గింజ పనికొస్తుంది. దోసగింజలు, టమాటా గింజలు గుజ్జుతో సహా గ్లాసులో వేసి రెండు మూడు రోజులు పులియనిచ్చి, కడిగి, పింగాణీ ప్లేటులో ఆరబెట్టండి. కాగితం మీద ఆరబెడితే అంటుకుపోయి ఊడిరావు. హైబ్రిడ్ రకాలైతే ఈ శ్రమ దండగ, వచ్చే ఏడు అదే కాయ రాదు. పక్కపక్కనే రెండు రకాల సొర వేసినా గింజ కలిసిపోతుంది. సొర పక్కన బీర ఉంటే మాత్రం ఇబ్బంది లేదు, వాటి జాతులే వేరు.

బాగా ఎండిన గింజల్ని కాగితం కవర్లో పోసి, పేరూ ఏడాదీ రాసి, మూత గట్టిగా ఉన్న సీసాలో ఫ్రిజ్‌లో పెట్టండి. పేరు రాయకపోతే మార్చిలో సొరగింజల్లో పొడుగు రకమేదో, గుండ్రం రకమేదో ఎవరూ చెప్పలేరు.

ఖాళీ అయిన మడుల్లో ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో మెంతులు, ధనియాలు, పాలకూర, ముల్లంగి చల్లేయండి. ఇవి చలికి పుట్టినవే. ఎండాకాలంలో కొత్తిమీర వేస్తే నెలకే పువ్వెత్తి ఏడిపిస్తుంది, ఈ చల్లదనంలో ఆకు మీద నిలబడుతుంది.

50 డిగ్రీలు: కుండీలు లోపలికి

రాత్రులు వరసగా 50కి దిగుతున్నాయంటే కరివేపాకు లోపలికి రావాలి. ఫ్రాస్ట్ దాకా ఆగొద్దు. ఇది ఉష్ణదేశపు చెట్టు, 50కి దిగువన రెండు మూడు రాత్రులు గడిపితే అప్పటికప్పుడు ఏమీ కనిపించదు, ఇంట్లోకి తెచ్చిన పది రోజులకి ఆకు రాలుస్తుంది. మీరేమో హీటరు వల్లనుకుంటారు.

తెచ్చే ముందు రెండు పనులు చేయండి. ఒకటి, ఎండలో ఉన్న కుండీని వారం పాటు చెట్టు కిందో, పోర్చ్ నీడనో ఉంచండి. ఎండలోంచి నేరుగా ఇంట్లోకి తెస్తే తట్టుకోలేదు. రెండోది, ఆకులు తిప్పి అడుగున చూడండి. రెబ్బల ఈనె వెంట గోధుమరంగు పొక్కుల్లాంటివి గోరుతో గీకితే ఊడొస్తున్నాయా? అవి పొలుసు పురుగులు. ఆకుల మీద జిగురు తగిలినా వాటి పనే. దూదిని రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచి ఒక్కొక్కటీ తుడిచేయండి. ఆకుల మీద సన్నటి తెల్లచుక్కలు, కొసన సాలెగూడు దారాలు ఉంటే ఎర్రనల్లి. పైపు పెట్టి ఆకుల అడుగు భాగం గట్టిగా కడిగి, పురుగులకి అమ్మే సబ్బు ద్రావణం కొట్టండి, నాలుగైదు రోజులకోసారి మళ్లీ కొట్టండి. బయట ఈ పురుగుల్ని తినే పురుగులు ఉంటాయి. ఇంట్లో ఉండవు, అందుకే ఒక్కటి మిగిలినా సంక్రాంతి నాటికి చెట్టంతా పాకుతుంది.

లోపల దక్షిణం కిటికీ దగ్గర పెట్టండి. వేడిగాలి వచ్చే వెంట్ పక్కన మాత్రం వద్దు. ఎరువు మార్చి దాకా ఆపేయండి. నీళ్లు పైమట్టి రెండంగుళాలు ఎండాకే పోయాలి. చలికాలంలో కరివేప చెట్లు ఎండి చచ్చేదానికన్నా నీళ్లెక్కువై వేరు కుళ్లి చచ్చేదే ఎక్కువ. కొన్ని ఆకులు రాలడం సహజం, కొమ్మ గీరితే లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికున్నట్టే. కుండీ మార్చడం, కొమ్మలు కత్తిరించడం వసంతంలో పెట్టుకోండి. ఇంకో మాట, ఫ్లోరిడా, టెక్సస్, కాలిఫోర్నియా నుంచి వచ్చే బంధువుల చేత కరివేప మొక్క తెప్పించుకోకండి. ఇది నిమ్మజాతి చెట్టు, నిమ్మ నారింజ తోటల్ని నాశనం చేసే తెగులు మోసే పురుగు దీనిమీదా బతుకుతుంది, అందుకే ఆ ప్రాంతాల నుంచి మొక్కలు దాటించడం మీద ఆంక్షలున్నాయి.

మల్లె, అల్లం, పసుపు కుండీలు కూడా ఇదే వరసలో వస్తాయి. పసుపుకి ఎనిమిది నుంచి పది నెలలు కావాలి, ఇక్కడి ఎండాకాలం చాలదు. ఆకు పచ్చగా ఉండగా తవ్వకుండా కుండీతోనే లోపల పెట్టి, ఆకు వాడిపోయాక తవ్వండి. మునగ కుండీ కొమ్మలు కొట్టేసి, గడ్డకట్టనంత వెచ్చగా ఉండే గరాజ్‌లో ఒక మూల పెడితే చాలు, ఆకు లేకుండా నిద్రపోతుంది. నెలకి ఒకటి రెండు చెంబుల నీళ్లు. తులసి ఫ్రాస్ట్‌కి నిలవదు, ఎండిన వెన్నులు దులిపి గింజలు దాచండి. బచ్చలి తీగ నాలుగు ముక్కలు కోసి నీళ్లలో పెడితే వేళ్లేస్తాయి, కిటికీలో ఏడాది పొడుగునా ఉంటుంది.

మిరపలో బాగా కాసిన చెట్టు ఒకటే ఒకటి ఎంచుకోండి. కాయలన్నీ కోసి, కొమ్మల్ని జానెడుకి కత్తిరించి, వేళ్లతో తవ్వి కుండీలోకి మార్చండి. మిరప నిజానికి ఏళ్ల తరబడి బతికే మొక్క, చలి వల్ల మనమే దాన్ని ఏడాది మొక్కని చేశాం. గరాజ్ కిటికీ దగ్గర చలికాలం గడిపిన చెట్టు వచ్చే ఏడు కొత్త నారుకన్నా నెల ముందు కాస్తుంది. అయిదారు చెట్లు తెచ్చారంటే మాత్రం ఇల్లంతా పేనుబంక.

40 డిగ్రీలు: ఇక కోతలే

ఈ వారంలో చెట్టుమీద ఏదీ పెద్దగా పెరగదు. ఉన్నది కోసుకోవడమే.

టమాటా ముందు. రంగు తిరగడం మొదలైన కాయలు అన్నీ కోయండి. పూర్తి పచ్చివాటిలో పండేవి ఏవో తెలియాలంటే ఒక కాయని అడ్డంగా కోయండి. గింజల చుట్టూ జిగురు పట్టి, కత్తి తగిలితే గింజ తెగకుండా పక్కకి జారిందంటే, ఆ సైజు కాయలన్నీ ఇంట్లో పండుతాయి. గింజ తెగిందంటే అవి పప్పులోకి, పచ్చడిలోకి. నువ్వులు వేయించి, పచ్చి టమాటా, పచ్చిమిర్చి నూనెలో మగ్గించి రోట్లో నూరిన పచ్చడికి వేడన్నం ఉంటే ఇంకేం అక్కర్లేదు. పండబెట్టే కాయల్ని కడగకుండా, ఒకదానికొకటి తగలకుండా అట్టపెట్టెలో ఒక వరసగా పేర్చండి. 60 నుంచి 70 డిగ్రీల గదిలో రెండు మూడు వారాల్లో ఎర్రబడతాయి. కిటికీలో ఎండకి పెట్టాల్సిన పనేం లేదు, పండటానికి వెలుతురు అక్కర్లేదు. తొందరైతే పెట్టెలో ఒక పండిన అరటిపండు వేయండి, అది వదిలే ఇథిలిన్ వాయువుకి ఇవీ పండుతాయి. ఫ్రిజ్‌లో పెట్టకండి, 50కి దిగువన టమాటా పండటం ఆగిపోతుంది, రుచీ పోతుంది.

సీసాల్లో క్యానింగ్ (వేడిచేసి గాలి చొరకుండా మూసి నిల్వ పెట్టడం) చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఫ్రాస్ట్‌కి చచ్చిపోయిన తీగమీది టమాటాలు క్యానింగ్‌కి వాడకూడదు, వాటిలో పులుపు తగ్గి ఉండొచ్చు, పులుపు తక్కువైతే బోటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషం భయం. ముందే కోసినవాటికైనా క్వార్ట్ (లీటరుకి కాస్త తక్కువ) సీసాకి రెండు టేబుల్ స్పూన్ల బాటిల్ నిమ్మరసం కలపాల్సిందే. ఇదంతా ఎందుకనుకుంటే ఫ్రీజర్ హాయి.

గోంగూర దగ్గర ఆలస్యం చేయకండి. పగలు పొట్టిబడేకొద్దీ పూతకొచ్చే మొక్క అది. మొగ్గ తొడిగిందంటే కొత్త ఆకు చిన్నబడి పీచు పడుతుంది. ఇక్కడ గింజ తయారయ్యేదాకా ఫ్రాస్ట్ ఆగదు కాబట్టి, పుంటికూర గింజలు ఇండియన్ స్టోర్లో కొనుక్కోవడమే. మొదలంటా కోసి, ఆకు తుంచి, మూడు నీళ్లలో కడిగి, పాత నూలుచీర మీద రాత్రంతా ఆరబెట్టండి. తెల్లారి పెద్ద మూకుడులో కాస్త నూనె వేసి, ఆకు కుప్పలా పోసి, మూత పెట్టకుండా వేయించండి. ముందు నీరు వదులుతుంది, పచ్చరంగు పోయి ఆలివ్ రంగుకొస్తుంది, తర్వాత అట్లకాడకి ముద్దగా అంటుకుంటుంది. అక్కడ దించండి. పూర్తిగా చల్లారాక జిప్ కవర్లో అర అంగుళం మందాన పరిచి, గాలి నొక్కేసి, ఫ్రీజర్లో పడుకోబెట్టండి. కావలసినప్పుడు పలకలా విరుచుకోవచ్చు. పప్పుకైనా మటన్‌కైనా జులైలో కోసినట్టే ఉంటుంది. పచ్చి ఆకునే ఫ్రీజ్ చేస్తే నల్లబడి చప్పబడుతుంది.

పచ్చిమిర్చి దాయడం సులువు. కడిగి, తడి లేకుండా తుడిచి, తొడిమలు తీసి కవర్లో పోసి ఫ్రీజర్లో వేస్తే ఏడాది పోపుకి ఢోకా లేదు. ఊరమిరపకాయలు మాత్రం అక్టోబరు ఎండని నమ్ముకుని పెట్టకండి. డీహైడ్రేటర్ ఉంటే సరే, లేకపోతే ఓవెన్ అన్నిటికన్నా తక్కువ వేడిలో, తలుపు ఓరగా తీసి. బెండ, కాకర ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టుకోవచ్చు. సొరకాయ ఫ్రీజర్లో నీరైపోతుంది, పంచిపెట్టడమే మార్గం. గుడికి తీసుకెళ్తే అక్కడా అందరి చేతుల్లో సొరకాయలే ఉంటాయనుకోండి.

గుమ్మడి రెండంగుళాల తొడిమతో కోసి, పది రోజులు వెచ్చటి చోట ఆరనిచ్చి, 50 నుంచి 55 మధ్య చల్లగా ఉండే బేస్‌మెంట్‌లో పెడితే నెలలుంటుంది. బూడిద గుమ్మడి మీద తెల్లపొడి తుడవొద్దు, దాన్ని కాపాడేది ఆ పొడే. చామ ఆకు చలికి వాలాక దుంప తవ్వండి, మట్టి దులపండి గానీ కడగకండి.

36 డిగ్రీల రాత్రి: కప్పేది చిక్కుడునే

కప్పడానికి ఏది తగినది అని అడిగితే నేను చిక్కుడు పేరే చెబుతాను. మన నాటు చిక్కుళ్లు చాలావరకు పగలు తగ్గాకే పూస్తాయి. ఎండాకాలమంతా ఆకు పెంచి, సెప్టెంబరులో గుత్తులేసి, కాయ పడుతుండగా ఫ్రాస్ట్ వస్తుంది. తొలి ఫ్రాస్ట్ తర్వాత మళ్లీ పది పదిహేను రోజులు వెచ్చబడటం మామూలే. ఆ ఒకటి రెండు రాత్రులు గట్టెక్కిస్తే రెండు కోతలు అదనంగా వస్తాయి. పందిరెక్కిన సొరని, ఆరడుగుల టమాటాని కప్పే ప్రయత్నం దండగ.

కప్పే రోజు మధ్యాహ్నమే మొక్క మొదట్లో నీళ్లు పోయండి, ఆకు తడవకుండా. తడి నేల పగటి వేడిని పట్టి ఉంచి రాత్రి వదులుతుంది. పాత బెడ్‌షీట్లు తీసుకుని, పొద్దు గుంకక ముందే కప్పండి. దుప్పటి అంచు నేలదాకా రావాలి. వేడి వచ్చేది నేలలోంచి, దుప్పటిలోంచి కాదు. మధ్యలో గొడుగులా కట్టి వదిలేస్తే అడుగునుంచి వేడంతా పోతుంది. అంచుల మీద ఇటుకలు పెట్టండి. ప్లాస్టిక్ షీటే ఉంటే కర్రలు పాతి ఆకుకి తగలకుండా చూడండి, తగిలిన ఆకు మాడిపోతుంది. కొందరు క్రిస్మస్ దీపాలు చుడతారు. పాతకాలం బల్బులైతే వేడి ఇస్తాయి, ఎల్ఈడీలు వెలుతురే ఇస్తాయి. పొద్దున ఎండ వచ్చి కాస్త వేడెక్కగానే తీసేయండి.

మెంతి, కొత్తిమీర, పాలకూర మడులకి బెడ్‌షీట్ చాలదు, రోజూ వేసి తీయడం విసుగు. వాటికి వంపు తీగలు గుచ్చి రో కవర్ అనే పల్చటి తోట గుడ్డ పరిచి వదిలేయండి, వెలుతురు, వాన రెండూ దిగుతాయి, మందాన్ని బట్టి రెండు నుంచి ఎనిమిది డిగ్రీల వెచ్చదనం ఇస్తుంది. పాలకూర దీని కింద న్యూజెర్సీ చలికాలం కూడా దాటి మార్చిలో మళ్లీ చిగురిస్తుంది. క్యారెట్, క్యాబేజీ, ముల్లంగి తొలి చలికి తీపెక్కుతాయి కాబట్టి వాటిని పీకే తొందర పెట్టుకోకండి, నేల గడ్డకట్టేలోగా తీస్తే చాలు.

28 దిగాక

ఇక వేసవి కూరల కథ అయిపోయింది. తీగలు పీకేయండి. మచ్చలు, బూడిద తెగులు ఉన్న టమాటా, దోస, గుమ్మడి తీగలు కంపోస్ట్‌లో వేయకుండా చెత్తలో వేయండి, మన పెరటి కంపోస్ట్ కుప్ప తెగులు చచ్చేంత వేడెక్కదు. చిక్కుడు, బీన్స్ మొదళ్లు కోసి వేళ్లు నేలలోనే వదిలేస్తే అవి అక్కడే కుళ్లి ఎరువవుతాయి. గుమ్మడి తీగ మొదలు పురుగు తొలిచి ఎండిపోయి ఉంటే ఆ చోట రెండంగుళాలు తిరగేయండి, ఆ పురుగులు మట్టిలో గూళ్లు కట్టుకుని చలికాలం గడుపుతాయి, పైకి తెస్తే చలికో పక్షికో పోతాయి.

రాలిన ఆకుల్ని లాన్ మోవర్‌తో రెండుసార్లు నలగ్గొట్టి మడుల మీద మూడు నాలుగంగుళాలు పరవండి. బ్లాక్ వాల్‌నట్ ఆకులు మాత్రం వద్దు, టమాటాకి విషం. ఒక మడిలో వెల్లుల్లి పెట్టండి. అక్టోబరు మధ్య నుంచి నవంబరు మొదటి వారం లోపు, రెబ్బ మొన పైకి ఉండేలా రెండంగుళాల లోతున, ఆరంగుళాల ఎడంలో. చలి ఎక్కువున్న చోట హార్డ్‌నెక్ (మధ్యలో గట్టి కాడ ఉండే) రకాలు నిలుస్తాయి. పైన ఎండుగడ్డి కప్పితే జులైలో తవ్వుకోవచ్చు. మట్టి పరీక్షకి కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి (సాగు సలహాలిచ్చే స్థానిక కార్యాలయం) ఇప్పుడే పంపండి. వసంతంలో అందరూ ఒకేసారి పంపుతారు, పైగా సున్నం వేయాలని వస్తే అది మట్టిలో కలవడానికి చలికాలమంతా పడుతుంది.

చివరగా నీళ్ల పైపు. దీన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ. బయటి కుళాయికి తగిలించిన హోస్ తప్పకుండా విప్పేయండి. ఫ్రాస్ట్ ప్రూఫ్ (చలికి గడ్డకట్టకుండా చేసిన) కుళాయైనా సరే, హోస్ తగిలించి ఉంటే లోపలి నీరు బయటికి పోలేక గడ్డకట్టి గోడలో పైపు పగులుతుంది. లోపల వాల్వ్ ఉంటే కట్టేసి, బయటి కుళాయి తిప్పి మిగిలిన నీరు వదిలేయండి. డ్రిప్ గొట్టాల కొసలు విప్పి, నీళ్లు దులిపి, చుట్టచుట్టి గరాజ్‌లో కొక్కేనికి తగిలించండి, నేలమీద పెడితే ఎలుకలు కొరుకుతాయి.